గోటి గీత దాకా

తిమ్మప్పకు వాసన తెలియక రెండేళ్లయింది. జ్వరమొచ్చినప్పుడు పోయింది, జ్వరం తగ్గినా తిరిగి రాలేదు. ఆ సంగతి భార్య ఈశ్వరమ్మకు గానీ, కూతురు హరితకు గానీ ఆయన చెప్పలేదు. నంద్యాలలో ముప్పై ఏళ్లు పొగాకు గ్రేడరుగా చేసిన మనిషి. గోనె చుట్టిన పొగాకు బేలులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, గుప్పెడు ఆకు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని అది ఏ రకమో ఒక మాట అనేవాడు. ఆ మాట తర్వాత ఇంక వాదన ఉండేది కాదు.

ఇప్పుడు అల్లుడు హేమంత్‌కు ఆ ముక్కుతో పనిపడింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, స్నేహితులతో కలిసి రాయదుర్గం మెట్రో పక్కన సిగార్ లౌంజ్ పెడుతున్నాడు. నికరాగువా సిగార్ల నమూనా పెట్టె, అందరూ కలిసి ఉంటున్న తెల్లాపూర్ ఇంటికి చేరి పది రోజులైంది. బెంగళూరు వెళ్లిన హేమంత్ ఈ ఆదివారమే తిరిగొచ్చాడు. సాయంత్రం బాల్కనీలో పెట్టె తెచ్చి మామ ముందు పెట్టాడు.

"సరుకు తీసుకుంటామో లేదో సప్లయర్‌కి రేపు చెప్పాలి మామా. ఇది ఒక్కటే కాదు, లౌంజ్‌కి వచ్చే ప్రతి పెట్టెనీ మీరు చూడాల్సిందే. మీ మాటే ఫైనల్."

"చూస్తా ఉండప్పా. తొందరేముంది?"

రిటైరయ్యాక ఆయన్ని ఒకరు ఒక మాట అడగడం ఇదే మొదలు.

మూత తీశాడు. పక్కనే నిలబడ్డ హరిత ముక్కు ముడిచింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు పొగాకు వాసనంటే పడదు.

ఒక సిగార్ తీసి వెలుతురుకు తిప్పాడు. పై ఆకు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. చెవి దగ్గర పెట్టుకుని వేళ్ల మధ్య దొర్లించాడు. చప్పుడు లేదు, తేమ సరిగ్గానే ఉంది. కొస నుంచి నొక్కుతూ వచ్చి ఒకచోట ఆగి, గోటితో చిన్న గీత పెట్టాడు.

"ఈడ గట్టిగుండాది. చుట్టినోడు లోపల ఆకు ముద్ద చేసి కూరినాడు. నిప్పు ఈడికొచ్చి ఆరిపోతాది, చూడు."

"చేత్తోనే చెప్పేస్తారా!" హేమంత్ నవ్వాడు. "మరి వాసన?"

తిమ్మప్ప సిగార్‌ను ముక్కు కింద ఆనించుకున్నాడు. ఉత్త గాలి. కళ్లు మూసుకుని, గోదాంలో మంచి బేలు విప్పినప్పటి వాసనను గుర్తు తెచ్చుకున్నాడు.

"ఎండు ఖర్జూరం మాదిరి. వెనకాల కొంచెం కొత్త గోనెసంచి. వేరే వాసన ఏమీ కలవలేదు. శుభ్రమైన సరుకు."

హేమంత్ మామకు ఆ సిగారే, తనకు ఇంకొకటి వెలిగించాడు. తిమ్మప్ప నాలుకకు కారం తెలిసింది, తర్వాత కొంచెం తీపి. బూడిద తెల్లగా నిలబడింది. హేమంత్ మాత్రం రెండో దమ్ముకే దగ్గుతూ పక్కన పెట్టేశాడు.

"మామా, మీరు శుభ్రమన్నారని ఊరుకున్నా గానీ, కర్పూరం కొట్టట్లేదూ?"

"ఏం కర్పూరం?"

టీ తెస్తున్న ఈశ్వరమ్మ గుమ్మంలోనే అందుకుంది. "ఆ పెట్టెనా? నేనే దేవుని అలమారలో పెట్టినా. మంచి చెక్క కదా, పురుగు పడ్తాదని నాలుగు కర్పూరం బిళ్లలు ఏసి, పొద్దున తీసేసినా. ఏమైందిప్పుడు?"

హరిత నవ్వబోయి, తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. "మూత తీస్తానే గుప్పుమనింది కదా నాయనా."

జలుబు అనొచ్చు. అంటే నమ్ముతారు. కానీ ముప్పై ఏళ్లలో తెలియని ఆకును తెలిసినట్టు ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. ఈ రోజు చెప్పాడు.

"నాకు రెండేండ్లాయె, ఏ వాసనా తెల్దు" అన్నాడు. "చెప్తే ఇంక నన్నెవురూ ఏమీ అడగరని..."

"నాకు తెలుసులే," అంది ఈశ్వరమ్మ గ్లాసు అందిస్తూ. "మొన్న పాలు మాడి ఇల్లంతా కంపు కొడ్తాంటే, పక్కనే కూచోని పేపరు చదువుతాంటివి. నువ్వే చెప్తావని ఊరుకున్యా."

హేమంత్ మామ చేతిలోని సిగార్ వంక చూశాడు. నిప్పు గోటి గీత దగ్గరికి వచ్చి, ఒక పక్కకు ఒరిగి, ఆరిపోయింది. తిమ్మప్ప లాగి చూశాడు. పొగ రాలేదు. గీత వైపు వేలు చూపించాడు.

"నా మాట ఇంతవరకే నమ్ముకో. వాసనకు ఇంకొకర్ని పెట్టుకో."

హరిత కుర్చీ దగ్గరికి జరుపుకుంది. పెట్టె అడుగు వరసలోంచి ఒక సిగార్ తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని నెమ్మదిగా పీల్చింది.

"కర్పూరం కింద ఇంకోటేదో ఉంది నాయనా."

"మెల్లగా చూడు. ఖర్జూరమా?"

"కాదు." మళ్లీ పీల్చింది. "బెల్లం పాకం. మాడేముందర వస్తుందే, అది."

తిమ్మప్ప కళ్లు మూసుకున్నాడు.

"సరే. దాని వెనకాల?"