లస్కరు నిద్ర

నీళ్లు ఆపి వదిలే లాకు గోడ మీద ఆసుపత్రి మంచాలు వరసగా వేసి ఉన్నాయి, కింద పడమటి కాలవ ఎర్రగా, చప్పుడు లేకుండా పారుతోంది, మూడో మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న మనిషి సలోమి తండ్రి దేవసహాయంలాగే ఉన్నాడు. లాగే ఉన్నాడు, అంతే. అతనే అని ఒప్పుకోవడానికి సలోమి సిద్ధంగా లేదు. నలభై రోజుల కిందట తన చేత్తో కళ్లు మూసిన మనిషి, పెట్టెలో పెట్టి తలా పిడికెడు మట్టి వేసిన మనిషి, ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కుని కాళ్లూపుకుంటూ కనపడితే ఎవరు నమ్ముతారు? పైగా ఆ కాళ్లకి వాపు లేదు. పోయేనాటికి వేలితో నొక్కితే పడిన గుంట పడినట్టే ఉండిపోయేది. ఇరవై ఏళ్లుగా నర్సు పని చేస్తున్న సలోమి కళ్లు ముందు అక్కడికే పోతాయి.

ఆమె ఒంటి మీద తెల్ల యూనిఫారం ఉంది, చేతిలో కేసు షీటు ఉంది, కానీ చదవబోతే అక్షరాలు చేపపిల్లల్లా పక్కకి జారిపోతున్నాయి.

"పేరు చెప్పండి," అంటుంది, వార్డులోకి వచ్చిన కొత్త పేషెంటుని అడిగినట్టు.

"ఏందే పిల్లా, నా పేరు నీకు తెలవదా?"

"పేరు చెప్పాలి. తండ్రి పేరు కూడా."

"కొలుకుల దేవసహాయం. తండ్రి అబ్రహాం. కాలవల శాఖలో లస్కరుని. ముప్పై నాలుగేళ్లు ఈ లాకు చక్రాలు తిప్పా. చాలా, ఇంకేమన్నా చెప్పాల్నా?"

ఇవన్నీ సర్వీసు కాగితాల్లో ఎవరికైనా దొరికేవే అనుకుంటుంది సలోమి. "అమ్మని సమాధి చేసి వచ్చాక నా చేతిలో ఏం పెట్టావు?" అని అడుగుతుంది.

అతను చాలాసేపు ఆలోచిస్తాడు. ఆ ఆలోచించేంతసేపూ మంచాలు ఒక్కొక్కటీ చర్చి బల్లల్లా మారుతున్నాయి, మళ్లీ మంచాలవుతున్నాయి.

"బెల్లం ముక్కా?"

"కాదు. నీ గడియారం."

"అయితే మర్చిపోయా. పోయినోళ్లకి అన్నీ గుర్తుంటయ్యని నీకెవరు చెప్పారు?"

తప్పు చెప్పాడు కాబట్టి ఆమెకి కొంచెం నమ్మకం కుదురుతుంది. వేషం వేసుకొచ్చినవాడైతే పాఠం అప్పజెప్పినట్టు సరిగ్గా చెప్పేవాడు. మంచం అంచున, మూరెడు దూరం విడిచి కూర్చుంటుంది. కూర్చోగానే, ఈ నలభై రోజులూ గొంతులో ముల్లులా ఉన్న మాట బయటికి వచ్చేస్తుంది.

"నీ దిండు గలీబులో పదకొండు బిళ్లలు దొరికినయ్ నాన్నా."

అవి నీళ్ల బిళ్లలు. గుండె బలహీనపడి ఒంట్లో చేరిన నీటిని బయటికి పంపేవి. దేవసహాయం చివరి రోజుల్లో కొడుకు ఏలీషా ఇంట్లోనే ఉన్నాడు, పూటపూటా బిళ్లలు ఇవ్వాల్సింది ఏలీషాయే. "నువ్వు ఇచ్చావా, లేదా?" అని సమాధుల దొడ్డి గేటు దగ్గరే నిలదీసింది సలోమి. "ఇచ్చానక్కా, దేవుడి తోడు" అన్నాడు తమ్ముడు. ఆమె నమ్మలేదు, ఎత్తి కూర్చోబెట్టే చాకిరీ తప్పించుకోవడానికి వాడే వాటిని గలీబులో దాచేశాడనుకుంది. ఆ రోజు నుంచి అతనితో మాట లేదు. ఆ రోజు నుంచే ఆమెకి నిద్ర లేదు. డ్యూటీలో ఒక ఇంజెక్షన్ ఇవ్వడానికి పేరు మూడుసార్లు చూసుకుంటుంది, ఇంటికొచ్చి గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగుసార్లు లేస్తుంది, తోటి నర్సు టీ తెచ్చిస్తే ఇది ఎందుకు ఇస్తోంది అనుకుంటుంది. "కొన్నాళ్లు సెలవు పెట్టమ్మా, నీకు నిద్ర చాలడం లేదు" అంది హెడ్ నర్సు. నన్ను తప్పించడానికే అనుకుంది సలోమి. ఈ సాయంత్రం తమ్ముడి ఇంట్లో తండ్రి జ్ఞాపకార్థ కూడిక. ఆమె పొద్దున్నే వచ్చింది, ప్రార్థన కోసం కాదు, మందుల డబ్బా ఇంకోసారి వెతకడానికి.

ఇదంతా ఆమె చెప్పదు. అయినా అతను విన్నట్టే తలూపుతాడు.

"వాడు ఇచ్చాడు," అంటాడు. "నేనే మింగలా. నాలిక కింద పెట్టుకుని, వాడు అటు తిరగంగనే తీసేసేవాణ్ణి."

"వాడికోసం అబద్ధం చెబుతున్నావు. చిన్నప్పట్నుంచీ నువ్వు వాడి తప్పులు కప్పుతూనే ఉన్నావు."

"కప్పా, నిజమే. ఇది మాత్రం కప్పటం కాదు."

"మరెందుకు మింగలేదు?"

"బిళ్ల వేసుకుంటే గంటకోసారి ఒంటికి పోవాల. లేవలేను గదా, వాడు ఎత్తి కూచోబెట్టాల. వాడి నడుం చూశావా నువ్వు? పొద్దున లేస్తే గోడ పట్టుకుని నడిచేవాడు. బిడ్డ నడుం ఇరగ్గొట్టి ఇంకో రెణ్ణెల్లు బతికితే ఏం, బతక్కపోతే ఏం అనుకున్నా. తప్పే. అప్పుడు తప్పనిపించలా."

ఎంత సరిగ్గా అతికిందో చూడు, అనుకుంటుంది సలోమి. మరీ సరిగ్గా అతికింది. "నువ్వు మా నాన్నవి కాదు. నాకు ఏం కావాలో నా మనసే నాన్న చొక్కా తొడుక్కుని వచ్చి చెబుతోంది."

"అయ్యుండొచ్చు," అంటాడతను, ఏమీ నొచ్చుకోకుండా. "అది నేను తేల్చలేనమ్మా."

మంచాలు లేవు ఇప్పుడు. సలోమి లాకు తలుపుకున్న పొడుగు దూలానికి వీపు ఆనించి, మడమలు రాళ్లకి తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి నెడుతోంది, ఎందుకు నెడుతోందో తెలియదు, తలుపు అవతల ఎవరో ఉన్నారు, తలుపు తెరుచుకోకపోతే వాళ్లు చచ్చిపోతారు, అది తప్ప ఇంకేమీ తెలియదు.

"నెట్టమాక," అంటున్నాడు తండ్రి, చక్రం దగ్గర నిలబడి. "అటుపక్క నీళ్లు ఎక్కువున్నయ్. ఆ ఒత్తిడికి పది మంది నెట్టినా కదలదు. రెండుపక్కలా నీళ్లు సమానం కానీ. ఆగు."

"ఆగితే ఎట్టా? నేను ఆగబట్టే గదా అంతా అయింది!"

అరిచాక ఆమెకే తెలుస్తుంది తను ఏమందో. దూలం వదిలేస్తుంది. రాళ్ల మీద కూలబడుతుంది. ఎవరికీ చెప్పనిది, తనకి తను కూడా పూర్తిగా చెప్పుకోనిది, తలుపు సందులోంచి నీళ్లు చిమ్మినట్టు వస్తుంది.

"పోయే ముందు రోజు నాకు ఫోన్ చేశావు. ఈ బిళ్ల వద్దమ్మా, ఇంకోటి ఏమన్నా రాయించు అన్నావు. నేను డ్యూటీలో ఉన్నా. నోరు మూసుకుని మింగు నాన్నా, నాకు పనుంది అని పెట్టేశా. డాక్టరుగారు పక్క గదిలోనే ఉన్నారు, ఒక్క మాట అడగలా. ఎందుకు వద్దంటున్నావో కూడా అడగలా."

అతను చక్రం వదిలి వచ్చి ఆమె పక్కన కూర్చుంటాడు. ఈసారి ఆమె జరగదు.

"అందుకా వాడి మీద పడ్డావు?"

అవునన్నట్టు ఆమె తల ఊపుతుంది.

"తుఫాను ఏడు నీకు గుర్తుందో లేదో," అంటాడతను. "మూడు రోజులు నేను నీటిమట్టం చూపించే గేజి మీదనించి కన్ను తీయలా. నేను రెప్ప వేస్తే గట్టు తెగుద్ది, ఊళ్లు మునుగుతయ్ అని భయం. మూడో రోజు మధ్యాన్నం, ఎయ్యాల్సిన తలుపులన్నీ ఏసినాక, నా జోడు లస్కరు వచ్చి నువ్వు పోరా అన్నాడు. వాడి మీద నమ్మకం లేదు నాకు. మోకాళ్ల మీద పడి ఏడ్చా. ప్రభువా, ఈ కాలవ నాది కాదయ్యా, నీది, నేను లస్కరుని అన్నా. అని, ఆ గోడ మీదనే పడి నిద్రపోయా."

"గట్టు తెగుంటే?"

"తెగేదేమో."

"అప్పుడు దేవుణ్ణి ఏమనేవాడివి?"

"ఏడ్చేవాణ్ణి. ఆయన దగ్గర గాక ఇంకెక్కడ ఏడుస్తా? చెయ్యాల్సింది చేసి, చెయ్యలేనిది ఆయన చేతిలో పెట్టాల. చెయ్యకుండా వదిలేసింది కూడా ఆయన చేతిలోనే పెట్టాలమ్మా, ఇంకెక్కడ పెడతావు? నువ్వు వార్డంతా కాపలా కాస్తన్నావు, ఇల్లు కాస్తన్నావు, పోయినోణ్ణి కూడా కాస్తన్నావు. నీకు కాపలా ఎవరు కాస్తన్నారు?"

నాకు ప్రార్థన రావడం లేదు నాన్నా, అందామనుకుంటుంది. కానీ నోటికి వచ్చింది వేరే మాట, తండ్రికి కాదు, పైనున్నవాడికి: "ఇది నా వల్ల కాదు ప్రభువా." అంతే. ఆమేన్ కూడా గుర్తు రాదు. దూలం ఎవరూ ముట్టుకోకుండా కొంచెం కదిలినట్టుంటుంది, లేదంటే కదల్లేదు, ఆమె లేచి చూడదు. తల వాల్చడానికి తండ్రి భుజం ఉందనుకుంది, అది రాతి గోడ, అయినా వెచ్చగానే ఉంది. ఎక్కడినుంచో గాలి వస్తోంది, ఒక విసురు, ఆగి ఇంకో విసురు. చెట్లు కదలడం లేదు, నీటి మీద అల లేదు, మరి గాలి ఎక్కణ్ణుంచి అని ఆమెకి మళ్లీ అనుమానం వస్తుంది, తల ఎత్తబోతుంది.

"రానియ్యమ్మా," అంటుంది గొంతు. "ప్రతిదాన్నీ నువ్వే సరిచూడాల్నా?"

ఆమె తల దించేస్తుంది.

సలోమి కళ్లు తెరిచేసరికి తమ్ముడి ఇంట్లో, తండ్రి మంచం మీద ఉంది. సాయంత్రపు ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. భోజనం చేసి ఒక్క నిమిషం అని నడుం వాల్చింది, నాలుగు గంటలు గడిచిపోయాయి. వంటింట్లో మరదలు కూడికకి టీ పెడుతోంది. కరెంటు లేదు, పైన ఫ్యాను ఆగిపోయి ఉంది.

మంచం పక్కన నేల మీద, నడుముకి చెక్క పీట ఆనించుకుని ఏలీషా కూర్చుని ఉన్నాడు. చేతిలో తాటాకు విసనకర్ర. ఒకసారి విసిరి, చెయ్యి మార్చుకుని, నడుం సర్దుకుని, మళ్లీ విసురుతున్నాడు. ఆమె లేచిందని అతను ఇంకా చూడలేదు.

"ఎప్పట్నుంచి విసురుతున్నావురా?" అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. నలభై రోజుల తర్వాత అక్క తనతో అన్న మొదటి మాట అది. ఏం చెప్పినా తప్పు పడుతుందేమో అన్నట్టు జంకుతూ, "కరెంటు పోయిందక్కా, చెమటకి లేస్తావేమోనని..." అన్నాడు.

సలోమి లేచి కూర్చుంది. విసనకర్ర అతని చేతిలోంచి తీసుకుంది.

"నాన్న పోయే ముందు రోజు నాకు ఫోన్ చేశాడు ఏలీషా," అంది. "నీకు చెప్పలా. ఇప్పుడు చెబుతా, పైకి రా, మంచం మీద కూచో. ఆ నేల మీద నీ నడుం ఏమవ్వాల?"