కాయితంలో పారిపోయిన మొగుడు

కృపాకుమారి మొగుడు ఐజాక్ ఇల్లు విడిచి పారిపోయి రెండేళ్లయింది. కాయితంలో మాత్రమే లెండి. ఆ రెండేళ్లూ ఒక్క పూట తప్పకుండా ఆమె ముందు కూర్చుని సంగటి తిన్నాడు, ఊరుబిండి పచ్చడిలో కారం తక్కువైందని గొణిగాడు, ఆమెకు జ్వరమొస్తే బిందెలు తానే మోశాడు.

ఆ వీధిలో అలా పారిపోయిన మొగుళ్లు పదకొండు మంది. పొద్దున్నే అందరూ ఒకే అరుగు మీద చేరి బీడీలు కాలుస్తారు. ఏం చేస్తారు మరి? వాన పడదు, వేరుశనగ వేస్తే విత్తనం కూడా తిరిగి రాదు. మొగుడు వదిలేసిన ఆడదానికి సర్కారు పింఛనిస్తుంది, మొగుడున్నదానికి ఇవ్వదు. సంసారం చెడితేనే కూడు పెడతామంటే జనం సంసారాన్ని కాయితం మీద చెడగొట్టుకున్నారు.

దారి చూపింది పక్కింటి మారెమ్మ. "అందరం పెట్టినాము. నువ్వేమన్నా దొరసానివా?" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వేలిముద్ర వేయించింది. ఐజాక్ పేరు మడకశిర పక్క పల్లెలో ఉండే అన్న నల్లప్ప రేషను కార్డులోకి ఎక్కింది. ఐజాక్ కడుపు పట్టుకుని నవ్వాడు. "నేను పారిపోయినానంట! ఇంగ ఈ సంగటి ఎవనికి పెడతాండావే?"

మొన్న మంగళవారం ట్రాక్టరు మీద పశువుల మేతకు వేరుశనగ కట్టె పేరుస్తూ ఐజాక్ పైనుంచి తలకిందులుగా పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోగా ప్రాణం పోయింది.

మరుసటి రోజు శవం గది ముందు కానిస్టేబులు కృపాకుమారి కార్డు చూశాడు, ఫోనులో ఇంకేదో చూశాడు. చెడ్డవాడు కాదు.

"మొగుడు వదిలేసి పోయినాడని నువ్వే రాసిచ్చినావు కదమ్మా. ఇప్పుడు శవం నాకియ్యమంటే ఎట్లా?"

ఆమె నోరు తెరిచేలోగా నల్లప్ప ముందుకొచ్చాడు. "రెండేండ్ల నుంచి తమ్ముడు నా కార్డులోనే ఉండాడు సార్. ఈమెకూ వానికీ ఏమీ లేదు. నేను తీసుకోని పోతా."

తండ్రి పొలంలో ఐజాక్ పాలు పంచకుండా అలాగే ఉంది మరి. ఈమె భార్య అని తేలితే ఆ పాలు ఈమెకు పోతుంది. నల్లప్ప కంట్లో నీళ్లూ నిజమే, పొలం మీద ఆశా నిజమే. మనిషిలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

"ఆయన నా ఇంట్లోనే ఉన్నాడు సార్! నేను అబద్ధమాడినా. నన్ను జైల్లో ఏస్తే ఏసుకోండి, ఆయన్ని మాత్రం నాకియ్యండి. మా చర్చి వెనకాల పూడ్చుకుంటా" అంది కృపాకుమారి.

కానిస్టేబులు తల గోక్కున్నాడు. "నీ మాటొక్కటే చాలదమ్మా. మీరిద్దరూ కలిసే ఉండారని మీ వీధోళ్లు ఒకరు చెప్పి సంతకం పెట్టనీ. నీకే ఇస్తా."

కృపాకుమారికి ప్రాణం లేచొచ్చింది. పక్కనే మారెమ్మ ఉంది. కబురు తెలిసినప్పటి నుంచీ వదలకుండా ఉంది, బలవంతాన టీ తాగించింది, జారిన ముడి కట్టింది.

"చెప్పక్కా! నిన్న పొద్దున కూడా నీకాడ మజ్జిగ తాగి పోయినాడు కదా. చెప్పు!"

మారెమ్మ గేటు వైపు చూసింది. అక్కడ ఆమెను బండి మీద తెచ్చిన మొగుడు బీడీ కాలుస్తున్నాడు. కాయితం ప్రకారం ఆయనా పారిపోయినవాడే. ఒక్క ఇంటి గుట్టు బయటపడితే పదకొండు ఇళ్లకూ వచ్చి తలుపు తడతారు.

"నాకు తెలీదు సార్" అంది మారెమ్మ, నేల చూస్తూ. "వాళ్లింటి సంగతి నాకేం తెలుసు?"

నల్లప్ప సంతకం పెట్టాడు.

బయట మారెమ్మ ఆమె కాళ్ల మీద పడింది. "ఇద్దరు ఆడబిడ్డలే నాకు. వీధి వీధంతా నా నోట్లో మన్ను కొడ్తారే." దీని ఇల్లు నాశనమైపోను అని కృపాకుమారికి నోటి దాకా వచ్చింది. తన కడుపు కాల్చి, తన కాళ్లే పట్టుకుంటుందా! మరి ఆ చోట నేనుంటే చెప్పేదాన్నా అని తన్ను తాను అడిగింది. జవాబు ఆమెకు తెలుసు. కాళ్లు విడిపించుకుని బస్టాండుకు నడిచింది.

రెండు బస్సులు మారి నల్లప్ప పల్లె చేరేసరికి శవాన్ని గుంతలో దించేశారు. మొహం చూసే రాత కూడా లేకపోయింది. ముందు అన్న, తర్వాత అన్న పిల్లలు, తర్వాత ఇంటిపేరువాళ్లు మన్ను వేస్తున్నారు. ఆ తర్వాత ఊరివాళ్లు వరసగా నిలబడ్డారు. ఆమె వరసకు చివర పోయి నిలబడింది.

ముందున్న ముసలామె వెనక్కి తిరిగింది. "ఎవరమ్మా నువ్వు? ఈ ఊర్లో ఎప్పుడూ సూడలేదే. ఆయనకేమైతావు?"

"పెండ్లాన్ని."

ముసలామె నోరు నొక్కుకుంది. "అయ్యో నా తల్లీ! పెండ్లానివైతే ఇంత కడాకు ఏమిటికి నిలబడినావు? ముందుకు పో."

కృపాకుమారి కదల్లేదు. వంగి గుప్పెడు మన్ను తీసుకుని, తన వంతు కోసం నిలబడింది.