రెండు వరసల అతుకు

కొండ మీంచి గాలి. చలిగాలి. కిటికీ అద్దం గడగడలాడుతోంది.

ఆస్ట్రేలియా దక్షిణాన, హోబార్ట్‌లో పొద్దెక్కింది. కెరిన్ టీ చల్లారిపోయింది... ఆమె చూసుకోలేదు.

కంప్యూటర్లో ఉత్తరాలు వచ్చి పడుతున్నాయి. ఎవరెవరివో, ఎక్కడెక్కడివో. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క అతుకు, అంటే కోడ్‌లో చిన్న సవరణ — డిస్కు మీద ఫైళ్లను సర్దిపెట్టే ప్రోగ్రాం కోసం. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరైనా బాగుచేయవచ్చు. ఏ అతుకు కలపాలో, ఏది వెనక్కి పంపాలో కెరిన్ చెప్పాలి.

ఈ పూట ఒక అతుకు ఆమెను కదలనివ్వడం లేదు.

రెండే వరసల కోడ్. పంపింది ఫెలేతి. పసిఫిక్ దీవుల్లో, టోంగాలో సముద్రపు పోటు కొలతలు రాసిపెట్టే మనిషి.

కరెంటు పోతే ఫైలు పేరు మిగులుతోంది. లోపల ఖాళీ. ప్రోగ్రాం ముందు పేరు రాస్తోంది, తర్వాత కొలతలు — ఆ రెప్పపాటులో కరెంటు పోతే అంతే. ముందువెనకలు మార్చాడు ఫెలేతి.

ఈ సాయంత్రం దాటితే మళ్లీ మూడు నెలల దాకా ఏదీ కలపరు. అక్కడ టోంగాలో చూస్తే తుపాన్ల కాలం మొదలవుతోంది.

ఇంతకీ ఆ తప్పు ఎవరిది?

కెరిన్‌ది. తొమ్మిదేళ్ల కిందట, తన చేత్తో రాసినది.

ఆరేళ్ల కిందటే ఫెలేతి ఈ మాట చెప్పాడు. ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది: మీ డిస్కు పాడైంది, మార్చుకోండి.

మార్చుకున్నాడు. కొలతలు మళ్లీ పోయాయి. అప్పుడు ఆమె కోడ్ ముందేసుకుని కూర్చున్నాడు... ఆరేళ్లు చదివాడు.

ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు కంటే ఎక్కువగా కృతజ్ఞత కలిగింది. ఫోన్ చేసింది.

"రెండువందల పన్నెండుసార్లు కరెంటు తీసి చూశామని రాశారు. నిజంగానా?"

"తీసింది నేను కాదండీ, మా అత్త. నేను లెక్క రాసుకున్నా."

వెనక నుంచి ముసలి గొంతు. "ఏమ్మా, ఇంకా నమ్మకం కుదర్లేదా? చెప్పు, ఇంకోసారి ప్లగ్గు పీకుతా. వీడు అడిగినప్పుడల్లా వంగి వంగి నా నడుం పడిపోయింది."

"మీ పేరేంటమ్మా?"

"ఓఫా. ఎందుకూ, కరెంటోళ్లకి చెప్తావా?"

ప్రతి అతుకు కిందా పేర్లుంటాయి. ఆ కోడ్ ఉన్నన్నాళ్లూ ఉంటాయి. అది వీళ్ల ఆనవాయితీ. కెరిన్ రాసింది —

తప్పు: కెరిన్ రాసిన కోడ్‌లో.

ముందుగా చెప్పినది, ఆరేళ్ల కిందటే: ఫెలేతి.

సరిచేసినది: ఫెలేతి.

పరీక్షించినది: ఓఫా.

కలిపేసింది.

"ఫెలేతి గారూ... అప్పుడే విసుగొచ్చి మమ్మల్ని వదిలేసి ఉంటే..."

"వదిలేసి ఎక్కడికి పోతామండీ. సముద్రం ఇక్కడే ఉందిగా."

ఫోన్ పెట్టేశాక ఆరేళ్ల కిందటి ఉత్తరం వెతికి తీసింది. అప్పట్లో రెండు వాక్యాలు చదివి జవాబిచ్చేసింది. ఇప్పుడు చివరిదాకా చదివింది.

తుపాను కొట్టిన మూడు రోజుల కొలతలు పోయాయని రాశాడు. ఊళ్లోకి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో చెప్పడానికి ఇంకే ఆధారమూ లేదని రాశాడు.

ఇకమీద పోవు. ఆ మూడు రోజులు మాత్రం... రావు.

ఇందాక ఫోన్‌లో అతను ఆ ఊసే ఎత్తలేదు.