మూలుగలో చెరువు

పాలకాయతిప్ప ఒడ్డున మా అంజి అన్నయ్యను ఇసుక మీద పడుకోబెట్టేసరికి మా తాతమ్మ పిన్ని బిందెతో నీళ్లు, గుప్పెడు పసుపు తెచ్చేసింది. స్నానం చేయించి, ఎండ ముదరకముందే పూడ్చేయాలని పెద్దిరాజు పెదనాన్న తొందర. ఆయన మా పేటకు పెద్ద.

"సముద్రం తీసుకున్నోణ్ణి ఎండలో ఉంచకూడదర్రా, కానివ్వండి," అన్నాడు.

అన్నయ్య గంగాధరరావు గారి రొయ్యల చెరువుకు కాపలా. తెల్లారుతూనే ఆయన మనుషులు మా ఇంటికి వచ్చి, అంజి తాగి మా తెప్ప వేసుకుని సముద్రంలోకి పోయాడని చెప్పారు. తెప్ప ఖాళీగా తేలుతూ దొరికింది. కాసేపటికి అన్నయ్య దొరికాడు.

అమ్మ తల దగ్గర కూలబడింది. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. రెండు కాళ్లకూ శాండిల్స్ ఉన్నాయి, బకిల్ పెట్టి ఉంది. చెరువు గట్టు మీద నత్తగుల్లలు గుచ్చుకుంటాయని కొనుక్కున్నవి. మా పేటలో ఎంత తాగినవాడైనా తెప్ప మీద చెప్పుకాలు పెట్టడు. తెప్ప గంగమ్మ ఒడి. పసిపిల్లలు కూడా ఒడ్డున విడిచే ఎక్కుతారు.

రెండు రోజుల కిందటే అన్నయ్య గంగాధరరావు గారితో గొడవపడ్డాడు. చెరువులోని ఉప్పునీళ్లు మా తాగునీటి గుంటలోకి వదిలితే కలెక్టరు దగ్గరికి పోతానన్నాడు.

తాతమ్మ బిందె వంచబోయింది. నేను అడ్డంగా చెయ్యి పెట్టాను.

"స్నానం వద్దు పిన్నీ. పోలీసులు రావాలి. అన్నయ్య తెప్ప ఎక్కలేదు, కాళ్లు చూడండి."

"ఏంటే సాయిదుర్గా? పది చదివావని పోలీసోళ్లకి పాఠం చెప్తావా?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. పెదనాన్న అన్నయ్య కాళ్ల వంక చూసి చూపు తిప్పేసుకున్నాడు.

"శవాన్ని కోయిస్తావా? మీ అమ్మని చూడు!" అన్నాడు.

అమ్మను చూశాను. ఆమె తలెత్తి, "దాన్ని చెప్పనీ బావగారూ," అని, పక్కింటి కుర్రాణ్ణి పోలీసు స్టేషనుకు పంపింది.

నేను అన్నయ్య మీదికి వంగి కూర్చున్నాను. నీళ్లు పోస్తే ముందు నా మీద పడాలి. ఎస్సై గారి జీపు వచ్చేదాకా అలాగే ఉన్నాను.

"చెప్పులు చూసి కేసు కట్టమంటావామ్మా?" అన్నారు ఎస్సై గారు. అన్నారే కానీ పంచనామా రాసి, శవాన్ని పోస్టుమార్టానికి పంపారు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో, పోస్టుమార్టం చేసిన డాక్టర్ అరుణకుమారి గారు బయటికి వచ్చి, గోడ పక్కన నిలబడ్డ నన్ను పిలిచారు.

"మీ అన్నయ్య నీళ్లలో మునిగే చనిపోయినట్టుంది. మెడ వెనక కమిలిన గుర్తులున్నాయి. ఏ నీళ్లలో మునిగాడో మాత్రం కోసి చూస్తే తెలియదు. తొడ ఎముక ముక్క ల్యాబుకు పంపిస్తున్నాను."

"ఎముకలో ఏముంటుందండీ?"

"మునిగేవాడు ఊపిరి కోసం కొట్టుకుంటాడు. నీళ్లతోపాటు కంటికి ఆనని నాచు లోపలికి పోతుంది. రక్తంలో కలిసి ఎముక మూలుగదాకా చేరుతుంది. గుండె ఆగిపోయాక నీళ్లలో పడేస్తే అంతదూరం చేరదు. సముద్రంలో నాచు వేరు, చెరువులో నాచు వేరు. పోల్చి చూడాలంటే రెండు చోట్ల నీళ్లూ కావాలి."

"చెరువు నీళ్లు నేను తెస్తానండీ."

"నువ్వు తెస్తే అవి ఉత్త నీళ్లే. సాక్షుల ఎదుట పోలీసులు పట్టి సీలు వేస్తేనే సాక్ష్యం."

ఆసుపత్రి గేటు దాటేసరికి తాతమ్మ ఎదురైంది. గంగాధరరావు గారు తూము ఎత్తించి చెరువు నీళ్లు వదిలేస్తున్నారట, అదేమంటే రొయ్యల పట్టుబడి అంటున్నారట. రొయ్య పిల్లలు వేసి రెండు నెలలు కూడా కాలేదు. చిటికెన వేలంత లేని రొయ్యను ఎవరు పడతారు? నేను వెనక్కి తిరిగి, ఆసుపత్రి నుంచి బయల్దేరుతున్న ఎస్సై గారి జీపుకు అడ్డంగా నిలబడి సంగతి చెప్పాను. జీపులో తాతమ్మ నా పక్కనే ఎక్కింది. పేట పెద్ద కూడా ఉండాలని దారిలో పెదనాన్నను ఎక్కించుకున్నారు.

మేము వెళ్లేసరికి చెరువులో మోకాలి లోతు నీళ్లున్నాయి. గంగాధరరావు గారు గొడుగు కింద నుంచి లేచారు.

"దాహమైతే చెప్పాలి గానీ, చెరువు నీళ్లెందుకండీ? కూల్‌డ్రింకు తెప్పిస్తాను."

ఎస్సై గారు నవ్వలేదు. తూము దింపించి, కానిస్టేబులు చేత రెండు సీసాలు నింపించారు. "ఇద్దరు సాక్షులు కావాలి," అన్నారు.

గట్టు మీద ఇరవై మంది ఉన్నారు. అందరూ ఆ చెరువుల మీద బతికేవాళ్లే. ఒక్కరూ కదల్లేదు.

తాతమ్మ ముందుకొచ్చి బొటనవేలు చాపింది. "ఈయన రొయ్యలు వలిచీ వలిచీ గీతలరిగిపోయినయ్. ముద్ర పడుద్దో లేదో చూడు బాబూ."

"రేపటి నుంచి నీకు పనెవరిస్తారే?" అన్నారు గంగాధరరావు గారు.

"మీరు మాత్రం ఇవ్వరులెండి. తెలిసే వచ్చాను."

ఇంకొకరు కావాలి. నేను పెద్దిరాజు పెదనాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన కొడుకులిద్దరికీ ఇక్కడే పని.

"ఎవరి మీదా ఏమీ చెప్పొద్దు పెదనాన్నా. ఈ నీళ్లు ఈ చెరువులోవే అని ఒక్క మాట. నీ కళ్లముందే కదా సీసాలు నింపారు."

ఆయన నా వంక చూడలేదు. గంగాధరరావు గారి వంకా చూడలేదు. చెప్పులు విప్పి గట్టు దిగి, అడుగున మిగిలిన నీళ్లలో చెయ్యి ముంచి చూసుకున్నాడు. పైకొచ్చి, తడి చేత్తోనే పెన్ను అడిగాడు. సీసాల మూతల మీద లక్క కరిగి పడుతున్నంతసేపూ నేను రెప్ప వేయలేదు. ఆ సాయంత్రమే సముద్రపు నీళ్లు కూడా అలాగే పట్టించారు.

ఐదు నెలలకు ఎస్సై గారు మా ఇంటికి వచ్చారు. మూలుగలో దొరికినది చెరువు నాచేనట, సముద్రపు నాచు ఒక్కటీ లేదట. గంగాధరరావు గారినీ, ఆయన మనుషులిద్దరినీ ఆ పొద్దున్నే అరెస్టు చేశారు.

"అప్పుడే అయిపోలేదమ్మా," అన్నారు. "బందరు కోర్టులో ఏళ్లు పడుతుంది. ఆయన ప్లీడరు నిన్ను ఏడిపిస్తాడు. వాయిదా వాయిదాకీ రావాలి. రాగలవా?"

"మొదటి వాయిదా ఎప్పుడండీ?" అని అడిగాను.

ఆయన తారీకు చెప్పారు. గోడకున్న క్యాలెండరు దించి, దాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాను.