గీత వదిలి గీత

ఆ రోజు ఇంట్లో నాన్న ఉన్నాడు, పిన్ని ఉంది, మా మేనత్త ఉంది, మా వీధిలో టీవీలు బాగుచేసే బాబాయి ఉన్నాడు, నేను ఉన్నాను. అమ్మను లెక్కలో వేసుకోవాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ పోయేనాటికి నాకింకా నడక రాలేదు. ఫొటో ఒక్కటీ లేదు. అమ్మ మగ్గం మీద నేస్తుండగా తీసిన వీడియో క్యాసెట్ ఒకటి ఉండేదట. పిన్ని వచ్చిన కొత్తలో నాన్న చూసుకోకుండా దానిమీదే పిన్నిని తీశాడట. అమ్మ ముఖం ఒక్కసారైనా చూడాలని నా కోరిక. ఎవరినీ అడగడానికి నోరు పెగిలేది కాదు. అటక సర్దుతుంటే ఆ క్యాసెట్ దొరికింది. తన కొత్త కోడలి వేషం చూసుకోవాలని పిన్నే సరదాపడి, క్యాసెట్ ఆడించే పెట్టె తెమ్మని బాబాయిని పిలిపించింది.

బొమ్మ వచ్చింది. అదే మగ్గం, అదే కిటికీ. కానీ మగ్గం ముందు ఇద్దరు కూర్చుని ఉన్నారు. పల్చగా, ఒకరిలోంచి ఒకరు కనిపిస్తూ, వణుకుతూ.

"అమ్మో, పెద్దొదిన!" అంది అత్త. పక్క గదిలో నాన్న మగ్గం చప్పుడు ఆగిపోయింది. నాన్న మాత్రం రాలేదు.

"కంగారు పడకండి," అన్నాడు బాబాయి. "టీవీ బొమ్మనంతా ఒక్కసారే గీయదు. గీత వదిలి గీత గీస్తుంది, మళ్ళీ పైకొచ్చి వదిలేసినవి నింపుతుంది. అప్పట్లో మీ కెమెరాలో ఏదో మురికిపట్టి కొత్తది సగం గీతల్లోనే ఎక్కింది. పాతది చెరిపే భాగమూ పాడైనట్టుంది. మిగతా సగంలో ఆవిడ అలాగే ఉండిపోయింది."

"అంటే పడుగు ఒకావిడ, పేక ఒకావిడా? బాగానే నేశాడు మా అన్నయ్య!" అంది అత్త. ఎవరూ నవ్వకపోయేసరికి కొంగుతో మూతి తుడుచుకుంది.

"బాబాయ్, అమ్మ గీతలొక్కటే ఉంచగలవా?"

ఆ గొంతు నాదేనని కాసేపటికి గాని తెలియలేదు. పిన్ని నావైపు చూసింది.

"ఉంచవయ్యా. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉన్నాగా," అంది.

బాబాయి తన పెట్టె మీద ఏదో నొక్కాడు. పిన్ని మాయమైంది. అమ్మ మిగిలింది. గడ్డం అచ్చం నాదే. తలెత్తితే నన్ను చూస్తుందనుకున్నాను. తలెత్తింది, కానీ పక్కకు తిరిగింది. పెదాలు కదిలాయి. పేక దారం నడిపే నాడెను పక్కకు చాచింది. అక్కడ ఎవరూ లేరు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ కలుపు," అంది పిన్ని.

బాబాయి కలిపాడు. అమ్మ చాచిన నాడె తిన్నగా పిన్ని చేతిలోకి వెళ్ళింది.

"ఆ రోజు నేను దారపు కండెల కోసం చెయ్యి చాచాను వదినా," అంది పిన్ని అత్తతో. "చేతికి ఏదో తగిలిందని అప్పుడే చెప్పాను. మీ అన్నయ్య నవ్వాడు."

అత్త లేచి వాకిట్లోకి వెళ్ళిపోయింది. పెట్టె ఎలా ఆపాలో చూపించి బాబాయి కూడా చెప్పులేసుకున్నాడు.

"పిన్నీ, ఇంకొక్కసారి అమ్మనొక్కదాన్నే..."

"ఆవిడ నాతో ఏదో అంటోంది. పెదాలు చూసి తెలుసుకోవాలి."

"నేనూ చూస్తాను. మా అమ్మ కదా."

"నిన్ను చూడట్లేదుగా అమ్మాయ్," అంది. కోపంగా కాదు, నా చెంప నిమురుతూ. వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ చేత్తోనే నన్ను మెల్లగా గడప బయటికి జరిపి, తలుపు వేసేసింది.