అరుగు మీది చీనావాళ్లు

"ఆ చీనా డాక్టర్ చేసిన కట్టుడు పండ్లు పెట్టుకోని బొక్కలు నమలుతవు గని, ఆయన పెండ్లాం తాగిన గిలాస మాత్రం ముట్టవా అత్తా?"

కోడలు ఆండాలు అలా అడగడం పొద్దుట్నుంచి మూడోసారి. సత్తెమ్మ ఆ గ్లాసును కట్టెతో బావి గట్టు దాకా జరిపింది.

"పండ్లు ఏడు నీళ్ల కడిగినంకనే నోట్ల పెట్టుకున్న. నీకేం ఎరుక?"

పురానాపూల్ దగ్గర కట్టుడు పళ్లు చేసే చీనా డాక్టరు భార్య, అక్కడే బూట్లు కుట్టే మరో చీనా ఇంటామె రోజూ పాలకు లాల్‌దర్వాజాలోని వీళ్లింటికి వస్తారు. సత్తెమ్మ భర్త బీరయ్య బర్రెలు పితికేదాకా అరుగు మీద కూర్చుంటారు. చలికాలం కదా అని ఆండాలు చాయ్ ఇస్తోంది. గొడవంతా దానికే.

లోపల కాగితాలు దిద్దుకుంటున్న సత్తెమ్మ కొడుకు కొండల్‌కు నవ్వొచ్చింది. కాలేజీలో చరిత్ర చెప్పే అతను ఎనిమిదేళ్లుగా చీనా నుంచి వలస వచ్చినవాళ్ల మీదే పని చేస్తున్నాడు. కోటలూ సుల్తానులూ ఉండగా బూట్లు కుట్టేవాళ్ల చరిత్ర ఏమిటని మొదట్లో తోటివాళ్లు వెక్కిరించారు. ఇప్పుడు వచ్చే నెల మద్రాసు సభలో వ్యాసం చదివితే ప్రొఫెసర్ పదవి ఖాయమని శాఖాధిపతే చెప్పాడు.

"ఏం లొల్లి అమ్మా? వాళ్లిద్దరు ఒక్క జాతోళ్లు, ఒక్క భాషోళ్లు. కలిసి కూసోని చాయ్ తాగనియ్యి."

"ఒక్క భాషనా?" అంది ఆండాలు. "మరి ఇద్దరు ఉర్దూల ఎందుకు మాట్లాడుకుంటరు?"

కొండల్ కలం ఆగింది. "మీ ముంగట గనుక మాట్లాడుతరేమో."

"మా ముంగట ఏందిరా! డాక్టర్ పెండ్లాం తన బాసల ఏదో అంటే, బూట్లామె నా దిక్కు జూసి, ఏమంటుందమ్మా అని నన్నడిగింది," అంది సత్తెమ్మ. "వాళ్ల ఊర్లు వేరే, వంటలు వేరే. పిల్లనిచ్చి తెచ్చుకుంటరా అని గూడ అడిగిన. ఇద్దరు పడీపడీ నవ్విండ్రు."

అరుగెక్కిన ఏ ఆడమనిషినైనా సత్తెమ్మ ముందు అడిగేది అదే. కొండల్ ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగితివా? దుకాణంల మొగోళ్ల దగ్గర కూసుంటివి, ఎవలు మీరంటివి, చీనా అన్నరు. తెల్లదొర నిన్నడిగితే హిందుస్తాన్ అంటవు గని, గొల్లోళ్లమని చెప్తవా?"

కొండల్ కాగితాలు ముందుకు లాక్కున్నాడు. వ్యాసం మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోయాడు. వాళ్లంతా ఒకటేనన్న మాట మీదే ప్రతి పేజీ నిలబడి ఉంది.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నాక తండ్రి వైపు తిరిగాడు.

"నేను మద్రాసు పోతలేను బాపూ. వ్యాసం మళ్ల మొదట్నుంచి రాస్త."

బీరయ్య చెయ్యి కంచంలోనే ఆగింది. "మరి ప్రొఫెసర్‌గిరి?"

"ఆలస్యమైతది. వస్తే రానీ. తప్పని ఎరుకయినంక నలుగుట్ల నిలబడి చదువలేను." పెరుగు కలుపుకుంటూ మెల్లగా అన్నాడు. "రేపట్నుంచి ఆ రెండిండ్లకు ఆడోళ్లే పోతరు. అడిగేది అమ్మ, రాసుకునేది ఆండాలు."