నాయనమ్మ కాపురమున్న భూమి

మా నాన్న జేరెడ్ పాక్స్టన్ మంచివాడని ఈ కెంటకీలో చాలామంది అంటారు. చర్చికి స్థలం ఇచ్చాడు, దారినపోయేవాళ్ళకు లేదనకుండా తిండి పెట్టాడు. కాదనను. కానీ ఆ స్థలం ఆయన చేతికి ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. డెబ్బై దాటాక ఇంకెవరికి భయపడాలి? చెప్పేస్తాను.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. కొండలు దాటి వచ్చి వాగు పక్కన దుంగలతో ఇల్లు కట్టుకున్నాం. నాన్న, అమ్మ, చంటి తమ్ముడు, నేను, నాన్నను కన్నతల్లి గ్రిజెల్ నాయనమ్మ. ఆ రోజుల్లో మాకు తెలిసిన రూలు ఒకటే. ఒక పంట మొక్కజొన్న తీసినా సరే, ఏడాది పొడుగునా ఇంట్లో మనిషి కాపురమున్నా సరే, నాలుగు వందల ఎకరాలు నీవి. మా మొక్కజొన్న కంకి పట్టే వేళకు అడవిదున్నల మంద వచ్చి ఒక్కపూటలో తొక్కి పారేసింది. ఇక మిగిలింది కాపురమే. మార్చి పదో తేదీకి ఏడాది నిండుతుంది.

ఫిబ్రవరి మొదట్లో కబురొచ్చింది. ఇక్కడి షానీ తెగవాళ్ళు నది దాటారట, అందరూ దుంగల కోటకు చేరండని. వాళ్ళు వేటాడుకునే నేల మీద మేం ఇళ్ళు కట్టుకున్నాం, వాళ్ళకు కోపం రాదా మరి. కోట నాలుగు మైళ్ళు. చుట్టుపక్కల వాళ్ళంతా మూటలు కట్టారు. నాన్న మాత్రం, పొలం చదునుకని ముందురోజే తాను నిప్పుపెట్టిన పెద్ద ఓక్ మోడు పక్కన నిలబడి వాగు అవతలికి చూస్తున్నాడు. అవతల ట్రిగ్ గుడిసె ఉంది. మా హద్దు చెట్ల మీద నాన్న గొడ్డలితో పేరు చెక్కితే, దాని పక్కనే తన పేరూ చెక్కిన ఘనుడు ట్రిగ్. మా ఇల్లు ఖాళీ అయిందంటే చాలు, భూమి పట్టాలిచ్చే కమీషనర్ల దగ్గరికి పరిగెత్తుతాడు.

నాన్న ఇంట్లోకి వచ్చి, "పొయ్యి ఆరకూడదు. పొగ కనిపిస్తుంటే మనిషున్నట్టే," అన్నాడు.

"ఎవరుంటారు?" అంది అమ్మ.

నాన్న నాయనమ్మ వైపు చూశాడు.

"నేనా?" నాయనమ్మ వేళాకోళమనుకుని నవ్వింది. "ఒరే జేరెడ్, ఈ మోకాళ్ళతో కట్టెలు మోస్తానట్రా?"

"ఇంట్లోనే పేర్చి పోతాలే. నీ దగ్గర పట్టుకుపోవడానికి షానీలకేముందమ్మా? ముసలివాళ్ళ జోలికి రారు."

"రామని వాళ్ళొచ్చి నీకు చెప్పారా? నన్ను గుర్రం ఎక్కించరా నాయనా. మూటలాగా పడుంటాను, నోరెత్తను."

"గుర్రం మీద విత్తనాల బస్తా ఉంది."

"అయితే నడుస్తాను."

"నీ నడకతో దార్లోనే చీకటి పడుద్ది. నీకోసం అందరం చావమంటావా?"

నాయనమ్మ అమ్మ వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పవే, కెజయా." అమ్మ తలెత్తకుండా తమ్ముడి బట్టలు మడతపెడుతూనే ఉంది. ఆ మడతలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఐర్లండులో దొర మనల్ని పొలంలోంచి గెంటినప్పుడు ఏడ్చింది నువ్వే కదమ్మా," అన్నాడు నాన్న మెత్తగా. "సొంత నేల కావాలన్నావు. ఇదిగో నేల. ఒక్క నెల కూర్చో."

కుక్కను వెంట తీసుకుపోయాం. నాయనమ్మను వదిలేశాం.

కోటకూ ఇంటికీ సగం దారిలో ఒక గుట్ట ఉంది. దాని మీది బండ ఎక్కితే మా లోయ కనిపిస్తుంది. నా చూపు చురుకని నాన్న రెండ్రోజులకోసారి నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు. పొగ కనిపించేది. తిరిగొచ్చేవాళ్ళం. ట్రిగ్ కూడా వెళ్ళి చూసి వచ్చేవాడు.

"ఏం పాక్స్టన్," అన్నాడొక రోజు నలుగురిలో, "కుక్కను తెచ్చుకున్నావు, మీ అమ్మనేమో గుంజకు కట్టేసొచ్చావు. తారుమారైనట్టుందే?"

"పొగ చూసుకుని మాట్లాడు," అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వారం తిరిగేసరికి మంచు పడింది. నిలబడ్డ ఆవులు నిలబడ్డట్టే బిగుసుకుపోయేంత చలి. రొట్టె పట్టుకెళ్ళి ఇచ్చొస్తానంటే, గుట్ట దాటి మంచులో అడుగులు పడితే షానీలకు దారి చూపినట్టేనని నాన్న కసిరాడు. పొగ మాత్రం లేస్తూనే ఉంది.

ఫిబ్రవరి ఇరవైమూడున గాలి లేదు. పొగ నిట్టనిలువుగా లేచింది. అది ఇంటి మీద లేవట్లేదు, ఇంటికి ఎడంగా లేస్తోంది.

"నాన్నా, అది పొయ్యి పొగ కాదు. ఓక్ మోడుది. వేళ్ళు ఇంకా కాలుతున్నాయి."

"తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నించి?"

"మంచు పడ్డ మర్నాటి నుంచి."

పదకొండు రోజులు. నేను బండ దిగబోయాను. "వెళ్దాం నాన్నా. బతికే ఉందేమో."

ఆయన నా జబ్బ పట్టుకున్నాడు. "బతికుంటే పొయ్యి వెలిగేది. పోయిందని తెలిస్తే ట్రిగ్ రేపే వచ్చి కూర్చుంటాడు. ఇంకో పదిహేను రోజులు. నోరు మూసుకో."

మూసుకున్నాను. ఆ సాయంత్రం మొక్కజొన్న అంబలి రెండు గిన్నెలు తాగాను కూడా.

షానీలు మా వైపుకే రాలేదు. మార్చి పదకొండున నేనూ నాన్నా గుర్రాన్ని తీసుకుని బయల్దేరాం. మంచు కరుగుతోంది. ఇంటిదాకా వెళ్ళనక్కర్లేకపోయింది. గుట్ట దిగగానే, మేం రోజు మార్చి రోజు నిలబడిన బండ కిందే, ఇన్నాళ్ళూ మంచు కప్పేసిన నాయనమ్మ ముడుచుకుని పడుంది. చంకలో దుప్పటి మూట. ఆ మోకాళ్ళతో రెండు మైళ్ళు నడిచింది. నేను ఏడ్చాను. నాన్న ఏడవలేదు.

"నెల్రోజులు కూర్చోలేకపోయింది," అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కోపమే.

ఆమెను గుర్రం మీద వేసి ఇంటికి తీసుకెళ్ళాడు. పేర్చిన కట్టెలు సగానికి పైగా అలాగే ఉన్నాయి. పొయ్యి వెలిగించి, ఆమెను దగ్గరగా పడుకోబెట్టి, కాళ్ళు చేతులు మెత్తబడేదాకా కూర్చుని, తిన్నగా సాగదీసి మంచం మీద పెట్టాడు. తల కూడా దువ్వాడు.

"నిన్న పోయింది. ఈ మంచంలోనే. విన్నావా?"

"విన్నాను."

ఏప్రిల్లో కమీషనర్లు కోటకొచ్చి కూర్చున్నారు. మా కాపురానికి ఏడాది నిండలేదని ట్రిగ్ ఫిర్యాదు చేశాడు. నాన్న చెప్పింది విని, పసిపిల్ల అబద్ధమాడదని నన్ను పిలిచారు. బైబిల్ మీద చెయ్యి పెట్టాను.

"మీ నాయనమ్మ ఎక్కడ పోయిందమ్మా?"

"ఇంట్లో, మంచంలో."

"ఎప్పుడు?"

"మార్చి పదిన."

కమీషనర్లలో పెద్దాయన కాగితం మీద రాసుకున్నాడు. భూమి మాదైపోయింది. ట్రిగ్‌కు ఉక్రోషం ఆగలేదు. "ఇంకొక్కటి అడగండయ్యా. ఆ ముసలమ్మ తనంతట తానే ఉండిపోయిందా, వీళ్ళే వదిలేసొచ్చారా?"

ఆ జవాబుతో భూమికి ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, నాన్నకూ తెలుసు. ఆయన తలొంచుకుని నేల చూస్తున్నాడు. అక్కడ నిజం చెప్పినా ఒక్క ఎకరం పోయేది కాదు. నాయనమ్మకు ఆ ఒక్క మాటైనా దక్కేది.

"రమ్మని ఎంత బతిమాలినా రానంది," అన్నాను. "మీరు వెళ్ళండి, నా ఇల్లు నేను చూసుకుంటానంది."

పెద్దాయన టోపీ తీశాడు. "గట్టి మనిషి," అన్నాడు. ట్రిగ్ కూడా తీయక తప్పలేదు.

బయటికొచ్చాక నాన్న నా వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "ఆ మాట నేను నేర్పలేదే," అన్నాడు.

ఇప్పుడు మా మనవరాళ్ళు వాళ్ళ పిల్లలకు గ్రిజెల్ అవ్వ ధైర్యం గురించి చెబుతుంటారు. రానందట, నా ఇల్లు నేను చూసుకుంటానందట. నేను పక్కనే కూర్చుని వింటాను, అవునంటాను.